ఇంజనీరింగ్ వద్దనుకున్నాక: మద్రాసులో ఆర్ట్స్ కాలేజీ వెతుక్కోవడం ఎలా

ఇంటర్ ఎం.పి.సి. అయిపోయింది. ఎంసెట్ రాశారు, జె.ఇ.ఇ. కూడా రాశారు. ర్యాంకు సంగతి ఎలా ఉన్నా ఇంజనీరింగ్ మీద మనసు లేదని తేలిపోయింది. లేదా బీటెక్‌లో చేరి, రెండో సెమిస్టర్ వచ్చేసరికి ఇది మన వల్ల కాదనిపించింది. నీట్‌కి లాంగ్ టర్మ్ కూడా చదివి విసిగిపోయినవాళ్లూ ఉంటారు. ఎకనామిక్సో, సైకాలజీయో, చరిత్రో, ఇంగ్లీషు సాహిత్యమో చదవాలని ఉంది. నెల్లూరుకో తిరుపతికో మద్రాసు దగ్గర, అక్కడ పేరున్న కాలేజీలున్నాయని విన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలియట్లేదు.

నేను మద్రాసులో ఒక ఆర్ట్స్ కాలేజీలో చాలాకాలం పాఠాలు చెప్పాను. మే నెలలో సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని వచ్చే మన తెలుగు పిల్లలంతా అడిగే మొదటి ప్రశ్న, "ఏది బెస్ట్ కాలేజీ మేడమ్?" ఒకసారి దారి మార్చుకున్నవాళ్లు అడగాల్సింది అది కాదు. "రేపు మళ్లీ మనసు మారితే ఈ కాలేజీలో నాకు ఎంత నష్టం?" అని అడగాలి. ఆ నష్టం డబ్బు రూపంలోనైనా ఉంటుంది, ఏళ్ల రూపంలోనైనా ఉంటుంది. కొన్నిచోట్ల డబ్బు పెద్దగా పోదు కానీ ఏడాది పోతుంది. కొన్నిచోట్ల ఏడాది పోదు కానీ డబ్బు బాగా పోతుంది. మీ ఇంట్లో ఏది తట్టుకోగలరో తెలిస్తే సగం కాలేజీలు జాబితాలోంచి వాటంతట అవే తప్పుకుంటాయి.

1. వదిలేసింది దేన్నో తేల్చుకోండి

ఇంజనీరింగ్ వద్దు అనేవాళ్లలో చాలామందికి నిజంగా వద్దనిపించింది లెక్కలు కాదు. తెల్లారకముందే లేపి రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టిన రెసిడెన్షియల్ కాలేజీ. వారం వారం పెట్టిన పరీక్షలు, గోడకి అంటించిన ర్యాంకుల పట్టీ. ఆ రెండేళ్ల మీద కోపంతో లెక్కల్నే వదిలేసుకుంటే నష్టపోయేది మీరే.

అందుకని ఒక కాగితం మీద రెండు వరసలు రాయండి. ఒకవైపు ‘సబ్జెక్టు నచ్చలేదు’, రెండోవైపు ‘చదివించిన తీరు నచ్చలేదు’. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఎ, మ్యాథ్స్ బి, ఒక్కోదాన్ని ఎటు పడుతుందో అటు వెయ్యండి. చరిత్ర చదువుతానని ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. సిలబస్‌లో లేని చరిత్ర పుస్తకం ఏదైనా చదివావా నాయనా అంటే నేల చూపులు చూశాడు. మాటల్లో పెడితే, తీరిక దొరికినప్పుడల్లా ప్రాబబిలిటీ లెక్కలు చేసుకుంటూ ఉంటాడని తేలింది. ఆ పిల్లాడికి కావాల్సింది చరిత్ర కాదు, లెక్కలు ఎక్కువగా ఉండే ఎకనామిక్సో, స్టాటిస్టిక్సో.

మ్యాథ్స్ మీద నిజంగా ప్రేమ మిగిలుంటే సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఒకటుందని గుర్తుపెట్టుకోండి. మ్యాథ్స్–కంప్యూటర్ సైన్స్, మ్యాథ్స్–ఫిజిక్స్ ఆనర్స్ డిగ్రీలున్నాయి. ప్రవేశపరీక్ష వాళ్లదే, ఎంసెట్ మూసలో ఉండదు, నిరూపణలు రాయమంటారు. అది ఆర్ట్స్ కాలేజీ కాదు. కానీ ఇంజనీరింగ్ వదిలినవాళ్లలో కొందరికి అసలు వెతుకుతున్నది అదేనని ఆలస్యంగా తెలుస్తుంది.

2. చేరకముందు కొన్నాళ్లు రుచి చూడండి

సైకాలజీ అంటే మనుషుల మనసులు చదవడం అనుకుని వచ్చి, మొదటి సెమిస్టర్‌లోనే స్టాటిస్టిక్స్ పేపర్ చూసి బెదిరిపోయినవాళ్లని చాలామందిని చూశాను. ఈ బెదురు చేరకముందే వచ్చేస్తే ఖర్చు లేదు.

ఎన్‌పీటెల్, స్వయం పోర్టళ్లలో ఐ.ఐ.టి. మద్రాసు వాళ్లే చెప్పిన హ్యుమానిటీస్ కోర్సులు కూడా ఉన్నాయి. నమోదు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఒక ఎనిమిది వారాల కోర్సు పట్టుకుని, అసైన్‌మెంట్లతో సహా పూర్తి చెయ్యండి. మూడో వారంలోనే వదిలేస్తే అదీ ఒక సమాధానమే.

మద్రాసులో చుట్టాలుంటే ఓ వారం వచ్చి కొట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో కూర్చోండి. 2010లో కట్టిన పెద్ద భవనం, ఒక్కో విషయానికి ఒక్కో అంతస్తు చొప్పున సర్దినట్టుంటుంది. మీరు అనుకుంటున్న సబ్జెక్టులో పరిచయ పుస్తకం ఒకటి, ఆ సబ్జెక్టులోనే గట్టి పుస్తకం ఒకటి తీసి కూర్చోండి. పరిచయ పుస్తకం అందరికీ నచ్చుతుంది. రెండోది అర్థం కాకపోయినా వదలబుద్ధి కావట్లేదంటే మీరు సరైన చోటే ఉన్నారు. ఎగ్మోరులో 1896లో తెరిచిన కన్నెమెరా లైబ్రరీ కూడా ఉంది, దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి అందుకోవాల్సిన లైబ్రరీల్లో అదొకటి. తెలుగు పుస్తకాలూ దొరుకుతాయి.

సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫిలాసఫీలోకి రావడానికి ఒక కారణం చెబుతుంటారు. చదువు పూర్తయిన దాయాది ఒకాయన తన ఫిలాసఫీ పుస్తకాలు ఈయనకిచ్చాడట, కొత్తవి కొనే పని తప్పిందట. ఆయన చదివింది మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో. అప్పటికి ఆ కాలేజీ తాంబరంలో లేదు, జార్జిటౌన్‌లో ఉండేది. అంత గొప్ప అదృష్టం అందరికీ పట్టదు కాబట్టి ఓ వారం లైబ్రరీలో కూర్చోమంటున్నాను.

3. మద్రాసు చుట్టుపక్కల ఉన్నవి ఏ రకం?

పాతకాలం కాలేజీలు మొదటి రకం. ప్రెసిడెన్సీ 1840 నాటిది, మెరీనా ఎదురుగా ఉంటుంది, ప్రభుత్వ కాలేజీ. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ 1837లో బడిగా మొదలై 1937లో తాంబరానికి మారింది, అడవిలాంటి పెద్ద క్యాంపస్. నుంగంబాక్కంలో లయోలా 1925లో జెసూట్లు పెట్టింది. ఆడపిల్లలకి విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ 1915 నుంచి, క్యాథడ్రల్ రోడ్డులో స్టెల్లా మారిస్ 1947 నుంచి, ఎతిరాజ్ 1948 నుంచి ఉన్నాయి. ఇవన్నీ మద్రాస్ యూనివర్సిటీ కింద ఉన్నవే, స్వయంప్రతిపత్తితో సిలబస్ తామే రాసుకుంటాయి. డిగ్రీ మూడేళ్లు.

వీటిలో అప్లికేషన్ నింపేటప్పుడే సబ్జెక్టు ఖాయం చేసుకోవాలి. ఎకనామిక్స్‌లో చేరి, ఏడాది తర్వాత నాకు ఇంగ్లీషు కావాలంటే కుదరడం కష్టం. చాలావరకు మళ్లీ మొదటి సంవత్సరంలో చేరాల్సిందే. పైన చెప్పిన ‘ఏళ్ల నష్టం’ ఇక్కడ. డబ్బు మాత్రం, ముఖ్యంగా ఎయిడెడ్ సీటు (ప్రభుత్వం జీతాలిచ్చే, ఫీజు తక్కువుండే సీటు) దొరికితే, బీటెక్ ఫీజుతో పోల్చడానికే ఉండదు.

రెండో రకం కొత్త ప్రైవేటు యూనివర్సిటీలు. వీటిలో మనకి దగ్గరిది క్రియా యూనివర్సిటీ. మద్రాసు వాళ్లు తమదే అనుకుంటారు కానీ ఉండేది శ్రీసిటీలో, తడ దగ్గర, మన ఆంధ్ర గడ్డ మీదే. 2018లో పెట్టారు. మొదటి ఏడాది సైన్సూ ఆర్ట్సూ కలగలిపి చదివి, ఆ తర్వాత మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఎంచుకుంటారు. నాలుగేళ్ల డిగ్రీకి దారి ఉంది. ఇంజనీరింగ్ వద్దని మాత్రమే తెలిసి, ఏం కావాలో తెలియని పిల్లలకి ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. కాకపోతే ఫీజు లక్షల్లో ఉంటుంది, హాస్టల్ దానికి అదనం. ఇంటి ఆదాయాన్ని బట్టి రాయితీలు ఇస్తారు కాబట్టి వెబ్‌సైట్‌లో అంకె చూసి వెంటనే మూసెయ్యకండి. రాయితీకి అప్లై చేసి, ఎంతిస్తారో కాగితం మీద వచ్చాక అప్పుడు నిర్ణయించండి. ఓ.ఎం.ఆర్. (పాత మహాబలిపురం రోడ్డు) మీద సాయి యూనివర్సిటీ, కాలవాక్కంలో శివ్ నాడార్ యూనివర్సిటీ కూడా ఈ కొత్త కోవలోవే. కోర్సులు ఏటా మారుతుంటాయి, ఆ ఏడాదివే చూసుకోండి.

ఇక ఐ.ఐ.టి. మద్రాసులో ఇంటర్ తర్వాత అయిదేళ్ల ఎం.ఏ. ఉందనీ, దాని ప్రవేశపరీక్ష హెచ్.ఎస్.ఇ.ఇ. రాస్తే చాలనీ ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. అది ఎత్తేశారు. 2023 నుంచి అక్కడ ఎం.ఏ. రెండేళ్లదే, డిగ్రీ అయ్యాక గేట్ స్కోరుతో చేరాలి.

నా అభిప్రాయం దాచుకోను. ఏ సబ్జెక్టో గట్టిగా తెలిసిన పిల్లలకి పాత కాలేజీలో ఎయిడెడ్ సీటుని మించింది లేదు. ఏదో తెలియనివాళ్లు, ఇంట్లో కాస్త వెసులుబాటు ఉంటే, ఆలస్యంగా మేజర్ ఎంచుకునే చోటికి వెళ్లాలి. తెలియదు, డబ్బూ లేదు అంటే పైన చెప్పిన రెండో మెట్టు, అంటే రుచి చూడటం దగ్గరికి మళ్లీ వెళ్లి ఇంకొన్నాళ్లు అక్కడే ఉండండి. అర్థంకాని సబ్జెక్టులో అర్జెంటుగా చేరడం కన్నా అది నయం.

4. సిలబస్ మొత్తం చదవండి, బ్రోచర్ కాదు

ఈ పని ఎవ్వరూ చెయ్యరు. అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు తమ సిలబస్‌ని వెబ్‌సైట్‌లో పెడతాయి. పెద్ద ఫైలు, మూడేళ్ల పేపర్లన్నీ ఉంటాయి. దాంట్లో పార్ట్ 1, పార్ట్ 2, పార్ట్ 3, పార్ట్ 4 అని విభాగాలు కనిపిస్తాయి. పార్ట్ 1 అంటే ఒక భాష. తమిళమే అక్కర్లేదు. హిందీ, ఫ్రెంచ్, సంస్కృతం లాంటివి ఉంటాయి, కొన్ని కాలేజీల్లో తెలుగు కూడా ఉంటుంది. కాలేజీని బట్టి మారుతుంది కాబట్టి అడిగి తెలుసుకోండి. పార్ట్ 2 ఇంగ్లీషు. పార్ట్ 3 మీ మెయిన్ సబ్జెక్టు, దానికి తోడు అలైడ్ (అనుబంధ సబ్జెక్టు) పేపర్లు. పార్ట్ 4లో ఒక మెలిక ఉంది. స్కూల్లో తమిళం చదవని, పార్ట్ 1లో తమిళం తీసుకోని పిల్లలు బేసిక్ తమిళ్ రెండు పేపర్లు చెయ్యాలి. భయపడకండి, అ ఆ ఇ ఈలతో మొదలై చిన్న బడి పిల్లల స్థాయి దాకానే. పైగా ఆటోవాడితో బేరమాడటానికి మొదటి సెమిస్టర్‌లోనే పనికొస్తుంది.

సిలబస్‌లో మొదటి సంవత్సరం పేజీలు దాటేసి తిన్నగా మూడో సంవత్సరానికి వెళ్లండి. మొదటి ఏడాది పేపర్లు అన్ని కాలేజీల్లోనూ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. తేడా అంతా చివర్లో. అయిదో సెమిస్టర్‌లో ఎలెక్టివ్‌లు ఎన్ని ఇస్తున్నారు? పేరుకి నాలుగు రాసి, టీచర్లు లేక ఒక్కటే నడుపుతున్నారా? ప్రాజెక్టు లేదా డిసర్టేషన్ ఉందా? ఎకనామిక్స్ అయితే ఎకనోమెట్రిక్స్ (ఎకనామిక్స్‌కి స్టాటిస్టిక్స్ వాడటం) పేపర్ ఉందా, లెక్కలు ఎంతవరకు చెబుతున్నారు? పై చదువులకి మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ లాంటి చోటికి వెళ్లాలంటే లెక్కలు లేని బి.ఏ. ఎకనామిక్స్ కుంటి గుర్రం. మీ ఎం.పి.సి. వృథా పోలేదు, దాన్ని వాడుకునే డిపార్ట్‌మెంట్‌ని పట్టుకోవాలంతే. చరిత్రలో అయితే పుస్తకాల జాబితా చూడండి. గత ఇరవై ఏళ్లలో అచ్చయిన పుస్తకం ఒక్కటీ లేకపోతే ఆ సిలబస్‌ని ఎవరూ ముట్టుకోలేదని అర్థం.

తర్వాత పాత ప్రశ్నపత్రాలు. సీనియర్లనడిగితే ఫోన్లో పంపిస్తారు. ‘నిర్వచించండి, జాబితా ఇవ్వండి’ అనే ప్రశ్నలే నిండా ఉంటే మీరు పారిపోయి వచ్చిన బట్టీ చదువే ఇక్కడా ఎదురుచూస్తోందన్నమాట.

5. క్లాసులు నడిచే రోజున వెళ్లి చూడండి

ఓపెన్ డే రోజున అన్ని కాలేజీలూ బాగానే ఉంటాయి. మామూలు మంగళవారమో బుధవారమో వెళ్లండి. గేటు దగ్గర ‘అడ్మిషన్ ఎంక్వయిరీ’ అంటే సాధారణంగా లోపలికి పంపుతారు. నెల్లూరు నుంచి పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి పని చూసుకుని రాత్రికి ఇంటికి చేరొచ్చు. తాంబరం వెళ్లాలంటే చెన్నై బీచ్ స్టేషన్ నుంచి లోకల్ ట్రెయిన్, నుంగంబాక్కం కూడా అదే లైన్‌లో ఉంది.

డిపార్ట్‌మెంట్ ముందున్న నోటీసు బోర్డు దగ్గర కాసేపు నిలబడండి. సెమినార్ ప్రకటన, విద్యార్థుల పేపర్, ఎవరికో ఇంటర్న్‌షిప్ దొరికిన కబురు, సినిమా ప్రదర్శన, ఏవైనా ఇటీవలి తేదీలతో ఉన్నాయా? లేక అటెండెన్స్ చాలనివాళ్ల జాబితా, ఫీజు కట్టనివాళ్ల జాబితా మాత్రమేనా? తర్వాత లైబ్రరీకెళ్లి మీ సబ్జెక్టు బీరువాలో ఏదో ఒక పుస్తకం తీసి, ఈ మధ్య ఎవరైనా తీసుకెళ్లారా అని వెనక అట్ట లోపల అతికించిన తేదీల చీటీ చూడండి. అంతా కంప్యూటర్ చేసేసిన చోట అది ఉండదు, అప్పుడు పుస్తకం నలిగిందా లేదా అన్నదే సాక్ష్యం.

క్యాంటీన్‌లో రెండో సంవత్సరం పిల్లల్ని వెతికి పట్టుకోండి. మొదటి సంవత్సరం వాళ్లు ఇంకా మోజులో ఉంటారు, మూడో సంవత్సరం వాళ్లు వెళ్లిపోయే తొందరలో ఉంటారు. మద్రాసులో తెలుగు మాట్లాడే పిల్లలు ప్రతి కాలేజీలోనూ కనిపిస్తారు. టీతో పాటు ఈ ప్రశ్నలు పెట్టండి: పోయిన సెమిస్టర్‌లో ఎన్ని వ్యాసాలు రాశారు, రాసినవి దిద్ది వెనక్కిచ్చారా? క్లాసులో ఎదురు ప్రశ్న వేస్తే సార్లు ఏమంటారు? పోయిన ఏడాది వెళ్లిన బ్యాచ్‌లో ఎవరెవరు ఏం చేస్తున్నారు? ‘దిద్ది వెనక్కిచ్చారా’ అన్న ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబు కాలేజీల నాణ్యతకి న్యాక్ సంస్థ ఇచ్చే గ్రేడు కన్నా ఎక్కువ చెబుతుంది.

ర్యాంకుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కేంద్ర ప్రభుత్వం వేసే ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకుల జాబితాలో 2023లో ప్రెసిడెన్సీకి దేశంలోని కాలేజీల్లో మూడో స్థానం, లయోలా కూడా పైనే ఉంటుంది. మంచిదే. కానీ అది మొత్తం కాలేజీకిచ్చిన ర్యాంకు. మీరు చేరేది ఒక డిపార్ట్‌మెంట్‌లో. కెమిస్ట్రీ వాళ్ల పరిశోధన వల్ల వచ్చిన ర్యాంకు ఫిలాసఫీ క్లాసులో పాఠం చెప్పదు.

6. ఎయిడెడా, సెల్ఫ్ ఫైనాన్సా? డబ్బు లెక్క

ఒకే కాలేజీలో ఒకే కోర్సు రెండు రకాలుగా ఉండొచ్చు. ఎయిడెడ్‌లో ప్రభుత్వం జీతాలిస్తుంది కాబట్టి ఫీజు తక్కువ, ఏడాదికి కొన్ని వేలల్లో ముగుస్తుంది. సెల్ఫ్ ఫైనాన్స్‌లో దానికి ఎన్నో రెట్లు. చాలాచోట్ల పొద్దున షిఫ్ట్ ఎయిడెడ్, మధ్యాహ్నం షిఫ్ట్ సెల్ఫ్ ఫైనాన్స్. డిగ్రీ మీద తేడా ఉండదు. అప్లికేషన్‌లో రెండూ విడివిడిగా ఉంటాయి, చూడకుండా ఒకటే టిక్ పెట్టి వదిలేసే పిల్లలు ఏటా తగులుతారు.

రిజర్వేషన్ విషయంలో మనవాళ్లు తరచూ పొరబడతారు. ఆంధ్ర, తెలంగాణ ఇచ్చిన బి.సి. సర్టిఫికెట్ తమిళనాడు 69 శాతం రిజర్వేషన్లో చెల్లదు, ఓపెన్ కోటాలోనే చూస్తారు. తెలుగు భాషా అల్పసంఖ్యాక వర్గ హోదా ఉన్న కాలేజీల్లో ఆ కోటా ఉంటుంది కానీ, అది ప్రధానంగా తమిళనాడులో స్థిరపడిన తెలుగువాళ్లని ఉద్దేశించింది. మీరు ఆ లెక్కలోకి వస్తారో లేదో ఆఫీసులోనే అడగండి. మన రాష్ట్రాల ఫీజు రీయింబర్స్‌మెంట్ మద్రాసులో కూడా వస్తుందని లెక్కేసుకుని చేరకండి. మీ జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో ముందే కనుక్కోండి, ముఖ్యంగా ఎస్.సి., ఎస్.టి. పిల్లలు.

అమెరికా ఆలోచన ఇంట్లో ఎవరికైనా ఉంటే (ఏ తెలుగింట్లో లేదు?) ఇది గుర్తుంచుకోండి: మద్రాసు పాత కాలేజీల డిగ్రీ మూడేళ్లది. దాని మీద మాస్టర్స్‌లో చేర్చుకునే యూనివర్సిటీలు అక్కడ కొన్ని ఉన్నాయి, నాలుగేళ్లు కావాల్సిందే అనేవీ ఉన్నాయి. ఇక్కడ ఎం.ఏ. చేసి వెళ్తే ఆ తిప్పలుండవు.

7. బీటెక్ మధ్యలో ఉన్నవాళ్లకి

ఇంజనీరింగ్ క్రెడిట్లు బి.ఏ.లో కలుస్తాయని ఆశ పెట్టుకోకండి. మొదటి సంవత్సరం నుంచే అనుకుని ప్లాన్ చేసుకోండి.

మానేస్తానంటే మిగతా మూడేళ్ల ఫీజు కడితేగానీ సర్టిఫికెట్లివ్వమనే కాలేజీలు ఇంకా ఉన్నాయి. ఇంజనీరింగ్ కాలేజీల్ని నియంత్రించే ఏ.ఐ.సి.టి.ఇ. నిబంధనల ప్రకారం, మధ్యలో మానేసినవాళ్ల దగ్గర రాబోయే సంవత్సరాల ఫీజు అడగకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీల్ని చూసే యు.జి.సి. కూడా 2018లో స్పష్టంగా చెప్పింది. కౌంటర్ దగ్గర గొడవపడకండి. ప్రిన్సిపల్‌కి ఉత్తరం రాసి, ఇంకో కాపీ మీద అందినట్టు ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి. వారం పది రోజులు చూసి కదలకపోతే ఏ.ఐ.సి.టి.ఇ. ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి. ముద్ర ఉన్న కాగితం చూపిస్తే చాలాసార్లు అక్కడిదాకా వెళ్లకుండానే ఫైలు కదులుతుంది.

తీసుకోవాల్సినవి: టి.సి., కాండక్ట్ సర్టిఫికెట్, మైగ్రేషన్ సర్టిఫికెట్, ఇప్పటిదాకా రాసిన సెమిస్టర్ల మార్కుల మెమోలు. మధ్యలో ఖాళీ ఉంటే నోటరీ అఫిడవిట్ అడుగుతారు. ఇతర రాష్ట్రాల బోర్డుల పిల్లలకి మద్రాస్ యూనివర్సిటీ ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ కూడా కావాలి. కాలేజీ ఆఫీసే దారి చెబుతుంది, కానీ ఆలస్యం చేస్తే పరీక్ష ఫీజు కట్టే సమయంలో మెడకి చుట్టుకుంటుంది.

కోడింగ్ మీద ఇష్టం పోలేదు, కాలేజీ మాత్రమే నచ్చలేదంటే ఐ.ఐ.టి. మద్రాసు వాళ్ల ఆన్‌లైన్ బి.ఎస్. డేటా సైన్స్ ఉంది. రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి యు.జి.సి. 2022లో ఒప్పుకుంది. పొద్దున షిఫ్ట్‌లో బి.ఏ., సాయంత్రాలు అది. నెగ్గుకురావడం తేలిక కాదు, కానీ ఇంట్లో భయాన్ని సగం తగ్గిస్తుంది.

8. ఇంట్లో మాట

"నలుగురూ అడిగితే ఏం చెప్పమంటావురా?" అన్నదే నాన్న అసలు ప్రశ్న. దానికి ‘నాకు ఇష్టం నాన్నా’ అన్నది జవాబు కాదు. ఆయనకి చెప్పుకోవడానికి ఒక వాక్యం కావాలి, అది మీరే తయారుచేసి ఇవ్వాలి. "మా వాడు లయోలాలో ఎకనామిక్స్ చదువుతున్నాడు, తర్వాత సివిల్స్ రాస్తాడు" అన్నది నలుగురిలో చక్కగా నిలబడే వాక్యం. మీరు సివిల్స్ రాయకపోయినా ఫర్వాలేదు, దాని అర్హత ఏదైనా డిగ్రీయే కాబట్టి అబద్ధమూ కాదు.

అమ్మతో వేరేగా మాట్లాడాలి. ఆవిడ భయం ఉద్యోగం కన్నా ముందు హాస్టల్, తిండి. పి.జి. (పేయింగ్ గెస్ట్) వసతి చూసొచ్చి ఫోటోలు చూపించండి. టీనగర్‌లో ఉన్న పిన్నినో అత్తయ్యనో ఫోన్లోకి తీసుకురండి.

తర్వాత ఒకే ఒక్క కాగితం. ఎడమవైపు బీటెక్ నాలుగేళ్ల ఖర్చు, కుడివైపు బి.ఏ. మూడేళ్ల ఖర్చు, దానికింద ఎం.ఏ. రెండేళ్లు. ఆ కింద డిగ్రీ తర్వాత తెరిచి ఉన్న తలుపులు: మూడేళ్ల ఎల్.ఎల్.బి., క్యాట్ రాసి ఎం.బి.ఏ., బి.ఇడి., తరమణిలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో ఏడాది కోర్సు, ఎగ్మోరులోని మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్. జీతాల గురించి గొప్పలు రాయకండి. మొదటి ఉద్యోగంలో సాఫ్ట్‌వేర్ వాళ్ల కన్నా తక్కువ రావచ్చని మీరే చెప్పండి. ఆ మాట వేరేవాళ్ల నోట నాన్న వింటే కాగితమంతా అబద్ధమైపోతుంది.

తేలని చోట గడువు పెట్టుకోండి. "మొదటి రెండు సెమిస్టర్లలో ఇన్ని మార్కులు తెచ్చుకోకపోతే మీరు చెప్పింది వింటాను" అంటే చాలామంది తండ్రులు మెత్తబడతారు.

9. అప్లికేషన్లు, సీటు, డబ్బు వెనక్కి

మన ఇంటర్ ఫలితాలు ఏప్రిల్‌లో వచ్చేస్తాయి. మద్రాసు కాలేజీల అప్లికేషన్లు తమిళనాడు ప్లస్ టూ ఫలితాలు వచ్చే మే నెల చుట్టూ తెరుచుకుంటాయి. ఈ లోపు మెమో స్కాన్ చేసి పెట్టుకోండి. చాలా కాలేజీల్లో ఒక్కో కోర్సుకి విడిగా అప్లై చెయ్యాలి. ప్రెసిడెన్సీ లాంటి ప్రభుత్వ కాలేజీలకి మాత్రం తమిళనాడు ప్రభుత్వ ఉమ్మడి పోర్టల్ ఒకటుంది. అక్కడ ర్యాంకు భాషల మార్కులు వదిలేసి మిగతా సబ్జెక్టుల మీద వేస్తారు. బి.ఏ. ఇంగ్లీషుకి మాత్రం ఇంగ్లీషు మార్కులే చూస్తారు. ఎం.పి.సి.లో ఇంగ్లీషుని తేలిగ్గా తీసుకున్నవాళ్లు అక్కడ దెబ్బతింటారు.

ప్రైవేటు యూనివర్సిటీలు చాలా ముందే, అంతకు ముందు ఏడాది చివర్లోనే మొదలుపెడతాయి. వ్యాసం రాయమంటారు, ఇంటర్వ్యూ ఉంటుంది. ‘ఎందుకు మారారు?’ అని తప్పకుండా అడుగుతారు. ఇంజనీరింగ్‌ని తిట్టకండి. రెండో మెట్టులో చదివిన పుస్తకం గురించి, చేసిన కోర్సు గురించి చెప్పండి. సెంట్రల్ యూనివర్సిటీలు కూడా మనసులో ఉంటే వాటి ఉమ్మడి ప్రవేశపరీక్ష సి.యు.ఇ.టి. నోటిఫికేషన్ ముందుగానే పడుతుంది, ఇంటర్ పరీక్షల హడావిడిలో తేదీ దాటిపోతుంది.

మూడు రకాలుగా అప్లై చెయ్యండి: ఎయిడెడ్ సీటు ఒకటో రెండో, అదే సబ్జెక్టు సెల్ఫ్ ఫైనాన్స్‌లో ఇంకొకటి, వెసులుబాటు ఉంటే ఆలస్యంగా మేజర్ ఎంచుకునే యూనివర్సిటీ ఒకటి. పది కాలేజీలకి పెట్టి ప్రయోజనం లేదు, ఫీజులు దండగ.

ముందు ఒకచోట సీటొచ్చి డబ్బు కట్టాక, మనసుకి నచ్చిన చోట వెయిటింగ్ లిస్టు కదిలిందనుకోండి. యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం అడ్మిషన్ల ఆఖరు తేదీకి 15 రోజులో అంతకన్నా ముందో వదులుకుంటే ఫీజు మొత్తం వెనక్కివ్వాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 రూపాయలకి మించకుండా పట్టుకోవచ్చు. 15 రోజుల లోపైతే 90 శాతం, ఆఖరు తేదీ దాటాక 15 రోజుల దాకా 80 శాతం, 30 రోజుల దాకా 50 శాతం. ఆ తర్వాత పైసా రాదు. యు.జి.సి. కొన్నేళ్లు ఇంకా ఎక్కువ గడువిస్తూ ప్రత్యేకంగా ఉత్తర్వులు వేసింది, ఆ ఏడాది ఏముందో చూసుకోండి. కాబట్టి డబ్బు కట్టేముందే కాలేజీ ప్రకటించిన ఆఖరు తేదీ ఏదో కాగితం మీద అడిగి, ఫోన్ క్యాలెండర్‌లో దానికి 16 రోజుల ముందు అలారం పెట్టండి. వదులుకునేటప్పుడు నోటిమాటగా కాదు, ఈమెయిల్ పంపండి. రసీదు మీద ఉన్న అప్లికేషన్ నంబరు, తండ్రి బ్యాంకు ఖాతా నంబరు అందులోనే రాసెయ్యండి, అవి లేవన్న నెపంతోనే రిఫండ్లు నెలల తరబడి ఆగుతుంటాయి.